రైలు ఆగిపోయింది.. సైకిల్ బయల్దేరింది!

కొండ ప్రాంతంలో సైకిల్ యాత్ర అనగానే మీకేం గుర్తొస్తుంది? ఆయాసం, పట్టేసిన పిక్కలు, వెనక నుంచి హారన్ కొట్టే లారీ. ఈ మూడింటి బెడద పెద్దగా లేకుండానే వెయ్యి మీటర్ల ఎత్తుకు చేర్చే దారి ఒకటి ఫ్రాన్స్‌లో ఉంది. అక్కడ చదువుకోవాలనుకునేవారికే కాదు.. సివిల్, టూరిజం, మ్యాపింగ్ రంగాల్లో కొలువు వెతుక్కుంటున్నవారికీ దాని సంగతి పనికొస్తుంది. చూద్దామా!

ఆ దారి పేరు డోల్చే వియా. ఆగ్నేయ ఫ్రాన్స్‌లోని ఆర్దెష్ ప్రాంతంలో, రోన్ నది ఒడ్డునున్న లా వూల్త్ పట్టణం దగ్గర మొదలవుతుంది. ఎరియూ అనే చిన్న నది లోయ వెంట పైకి సాగి, ల షెలార్ దగ్గర రెండుగా చీలుతుంది. ఒక దారి సేంతాగ్రేవ్‌కు, మరోటి లమాస్త్ర్‌కు వెళ్తుంది. మొత్తం కలిపితే దాదాపు 90 కిలోమీటర్లు. ఒకవైపు రాతి కొండ, మరోవైపు కింద నది. మధ్యలో పాత వంతెనలు, సొరంగాలు, చెస్ట్‌నట్ తోటలు. ఊళ్ల దగ్గర అక్కడక్కడా మామూలు రోడ్డు తగులుతుంది. మిగతా దారిలో కార్లు, బైకులు కనిపించవు.

ఇంత చక్కటి దారిని సైకిళ్ల కోసమే కొండల్లో తొలిచారా? కాదు. అసలు కథ అక్కడే ఉంది.

రైలు వదిలేసిన బాట

1879లో ఫ్రాన్స్ ప్రజాపనుల మంత్రి షార్ల్ ద ఫ్రేసినే మారుమూల పట్టణాలకూ రైలు వెళ్లాలంటూ భారీ ప్రణాళిక తెచ్చారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో కొండ ప్రాంతాల్లోనూ చిన్న చిన్న లైన్లు పడ్డాయి. ఎరియూ లోయలో వేసింది మీటర్ గేజ్. లోయలో పండిన పీచ్ పండ్లు ఆ రైల్లోనే మార్కెట్లకు వెళ్లేవి. తర్వాత బస్సులు, లారీలు, సొంత కార్లు వచ్చాయి. రైలుకు గిరాకీ తగ్గింది. 1968లో లైను మూతపడింది.

రైలు పోవడమంటే ఊరికి ఏం పోతుందో మీకు తెలియంది కాదు. స్టేషన్ దగ్గర టీకొట్టు నుంచి సరుకు దించే కూలీ వరకు అందరి పొట్టా దానిమీదే. ఆర్దెష్ కొండ పల్లెల నుంచి యువత పని వెతుక్కుంటూ పట్నాలకు వలసపోవడం ఎప్పటినుంచో ఉంది. ఉన్న ఒక్క రైలూ ఆగిపోతే ఆ ఊళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు.

పట్టాలు తీసేసినా కట్ట మిగిలింది. వంతెనలు, సొరంగాలు మిగిలాయి. అన్నింటికన్నా విలువైనది ఇంకోటి మిగిలింది. అదే వాలు.

వాలులోనే కిటుకు

రైలు చక్రం ఉక్కు, పట్టా ఉక్కు. రెండింటి మధ్య పట్టు తక్కువ కాబట్టి నిటారు దారిలో రైలు ఎక్కలేదు. అందుకే అప్పటి ఇంజినీర్లు కొండ చుట్టూ తిప్పి, అవసరమైనచోట తొలిచి, వాలును తక్కువగా ఉంచారు. డోల్చే వియాలో అది దాదాపు 3 శాతానికి మించదు. సివిల్ విద్యార్థులు పరీక్షల కోసం చదివే రూలింగ్ గ్రేడియెంట్ ఇదే!

ఒక లెక్క చూడండి. 300 మీటర్ల ఎత్తు ఎక్కాలనుకోండి. వాలు 10 శాతమైతే 3 కిలోమీటర్లలో ఎక్కేయాలి. 3 శాతమైతే అదే ఎత్తుకు 10 కిలోమీటర్ల దూరం దొరుకుతుంది. మీరూ సైకిలూ సామానూ కలిపి 90 కిలోలు, వేగం గంటకు 10 కిలోమీటర్లు అనుకుంటే.. 10 శాతం వాలులో పైకి లాగడానికే సుమారు 245 వాట్లు కావాలి. 3 శాతంలో దాదాపు 75 వాట్లు చాలు. మొదటిది బాగా సాధన చేసినవారి పని. రెండోది మీరూ, మీ చెల్లీ, కాస్త ఓపికుంటే మీ నాన్నగారూ చేయగలిగింది. కొండ ఎత్తు తగ్గలేదు, ఎక్కే పనిని దూరం మీద పంచారంతే.

చట్టంలోనూ చోటు

ఇలాంటి దారుల్ని అక్కడ వ్వా వెర్త్ అంటారు. పచ్చని బాట అని అర్థం. 1997లో బుర్గుండిలో జీవ్రీ, క్లూనీ పట్టణాల మధ్య పాత రైలు కట్టపై 44 కిలోమీటర్ల బాట తెరిచారు. దేశంలో మొదటిదిగా చెప్పేది దాన్నే. 2004లో రోడ్డు నిబంధనల్లోనూ ఈ బాటలకు నిర్వచనం చేరింది. అప్పటి నిర్వచనం ప్రకారం మోటారు లేని వాహనాలు, పాదచారులు, గుర్రపు స్వారీ చేసేవారికే ప్రవేశం ఉండేది.

క్లూనీకి దక్షిణాన ఇదే బాట బ్వా క్లేర్ అనే 1.6 కిలోమీటర్ల రైలు సొరంగం గుండా వెళ్తుంది. చలికాలంలో దాన్ని మూసేస్తారు. ఎందుకో తెలుసా? లోపల గబ్బిలాలు నిద్రపోతుంటాయి! ఆ నెలల్లో సైకిళ్లు కొండ మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే.

వెళ్తే.. ఇవి మరవొద్దు

ఫ్రాన్స్‌లో చదువుతున్న తెలుగు విద్యార్థులకు ఇది రెండు మూడు రోజుల సెలవుల్లో అయ్యే యాత్ర. బయల్దేరే ముందు ఇవి గుర్తుంచుకోండి.

* లియాన్ వైపు నుంచి వచ్చేవారు టీఈఆర్ ప్రాంతీయ రైల్లో లీవ్రాన్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి రోన్ నది దాటితే లా వూల్త్. టీఈఆర్‌లో సైకిల్‌కు చోటుంటుంది కానీ, ఆ రైలుకు ముందస్తు బుకింగ్ కావాలేమో చూసుకోండి.
* అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. మొదటిరోజు ప్రతి మలుపులోనూ మన ఎడమ అలవాటు తన్నుకొస్తుంది. జాగ్రత్త!
* బాట చాలావరకు గట్టిగా అణిచిన కంకర. సన్నటి రేసింగ్ టైర్లు వద్దు. సొరంగాల కోసం లైటు తప్పనిసరి.
* పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత తెరిచిన కొట్టు దొరకడం కష్టం. ఒక పూటకు సరిపడా తిండి బ్యాగులో ఉండాలి.
* కుళాయి దగ్గర ‘నాన్ పోతాబ్ల్’ అని ఉంటే ఆ నీళ్లు తాగకూడదు.
* ‘అక్కేయ్ వేలో’ గుర్తున్న బసల్లో సైకిల్‌ను భద్రంగా పెట్టుకునే చోటు, చిన్న రిపేర్లకు పనిముట్లు ఉంటాయి.
* నడిచేవాళ్లు, గుర్రాలు ఎదురైతే వేగం తగ్గించండి. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి.

దారి వెనక కొలువులు

ఇప్పుడు మీకు కావాల్సిన అసలు విషయం. బాట తెరుచుకోగానే పని అయిపోదు. నూరేళ్లు దాటిన వంతెన బరువు మోస్తుందా? వానకు కట్ట కోసుకుపోకుండా నీళ్లెటు మళ్లించాలి? ఇది సివిల్ వాళ్ల పని. దారిని మ్యాపులో పెట్టడం, ఎక్కడ ఎంత వాలుందో చూపడం జీఐఎస్ తెలిసినవాళ్ల పని. సైకిళ్లు అద్దెకివ్వడం, ఎలక్ట్రిక్ సైకిళ్ల రిపేరు, బస, భోజనం, ప్రయాణ ప్యాకేజీలు.. వీటితో ఊళ్లోనే ఉపాధి. సైకిల్ మీద వచ్చేవాళ్లు నెమ్మదిగా వెళ్తారు, దారిలోనే తింటారు, దారిలోనే పడుకుంటారు. కారులో రయ్యిన దాటిపోయేవారికీ వీళ్లకూ తేడా అదే.

ఈ రంగం వైపు వెళ్లాలనుకుంటే జీఐఎస్ సాఫ్ట్‌వేర్లలో క్యూజీఐఎస్‌ను ఉచితంగా నేర్చుకోవచ్చు. ఫ్రెంచ్ కావాలంటే హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. పల్లెల్లో పని చేయాలంటే ఇంగ్లిష్ ఒక్కటే సరిపోదు. 2030 నాటికి 30 వేల మంది భారతీయ విద్యార్థుల్ని చేర్చుకోవాలని ఫ్రాన్స్ లక్ష్యం పెట్టుకుంది. స్టూడెంట్ వీసా ఉన్నవారు ఏడాదికి 964 గంటల వరకు పని చేసుకోవచ్చు.

రెజ్యూమెలో ఇలా..

హాబీ: సైక్లింగ్ అని ఒక్క మాట రాస్తే ఇంటర్వ్యూ చేసేవారికి ఏమీ అర్థం కాదు. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని రోజులు, బడ్జెట్ ఎంత, దారిలో ఏం తప్పింది, ఎలా సర్దుకున్నారు.. ఇవి చెప్పండి. చేయని యాత్ర మాత్రం రాయకండి. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఫ్రాన్స్ వెళ్లే స్తోమత ఇప్పుడు లేదా? పర్లేదు. ఈ వారాంతంలో మీ ఊరి దగ్గరి గుట్ట రోడ్డు తీసుకోండి. ఫోన్ మ్యాపులో కింద ఎత్తు, పైన ఎత్తు, మధ్య దూరం చూసి వాలు లెక్కకట్టండి. 3 శాతం వాలుతో అదే గుట్ట ఎక్కించాలంటే దారి ఎటు తిప్పాలో కాగితం మీద గీయండి. ఈసారి ఇంటర్వ్యూలో ‘ఖాళీ సమయంలో ఏం చేస్తారు?’ అని అడిగితే ఆ కాగితం తీసి చూపించండి.