పాత ట్రాక్టరు కొన్నారా? దమ్ముకు దించే ముందు ఇవి చూసుకోండి

ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, సుళ్లు చూస్తాం, కాడి కట్టి నాలుగు అడుగులు నడిపిస్తాం. ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రంగు, టైర్లు చూసి బయానా ఇచ్చేస్తాం. ఇద్దరు ముగ్గురు కలిసి, అప్పో సప్పో చేసి ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు కొన్నారనుకోండి. కాలువకు నీళ్లొచ్చిన వారానికే అది మడిలో ఆగిపోతే నష్టం రిపేరు ఖర్చుతో పోదు. నారు ముదిరిపోతుంది. అద్దె బండి కోసం ఊరూరా తిరగాలి. అప్పు వాయిదా మాత్రం ఆగదు. అందుకే రోహిణి కార్తెలోనే, బండి ఖాళీగా ఉన్నప్పుడే ఈ పనులు ముగించుకోండి.

లెక్క మీతోనే మొదలు

"మొన్ననే ఆయిలు మార్చాను" అని అమ్మినాయన చెప్పే ఉంటాడు. నిజమే కావచ్చు. కానీ బిల్లో, రాతో లేనప్పుడు ఆ మాటను లెక్కలోకి తీసుకోకండి. గంటల మీటరును కూడా పూర్తిగా నమ్మలేం. పాత బళ్లలో అది ఎప్పుడో ఆగిపోయి ఉండవచ్చు. ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టర్లు ఒకేసారి మార్చేసి, ఆ తేదీ, మీటరు అంకె ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఇక లెక్క అక్కణ్ణించే. చాలా మోడళ్లలో ఇంజన్ ఆయిలును 250 గంటలకు మార్చాలంటారు. మీ బండికి ఎన్ని గంటలో, ఏ గ్రేడు ఆయిలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. పుస్తకం లేకపోతే డీలరును అడగండి.

ఆయిలే జబ్బు చెబుతుంది

పొద్దున్నే, స్టార్టు చేయకముందు, చదునైన చోట డిప్ స్టిక్ తీసి చూడండి. ఆయిలు నల్లగా ఉంటే కంగారు పడనక్కర్లేదు, డీజిల్ ఇంజనులో అది మామూలే. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయన్నమాట. మట్టం పెరిగి డీజిలు వాసన కొడితే డీజిలు లోపలికి దిగుతోంది. ఈ రెండింటిలో ఏది కనిపించినా బండిని కదపకుండా మెకానిక్కును పిలవండి.

ముందు ఇరుసును మరవకండి. ఫోర్ వీల్ డ్రైవులో ఇరుసు మధ్యన ఒకచోట, రెండు చివర్లా విడివిడిగా ఆయిలు పోసే మోడళ్లున్నాయి. మధ్యది చూసి చివరివి వదిలేయడం పరిపాటి. దమ్ము చేసిన బండికి సీళ్లు అరిగితే బురద నీరు దూరేది ఇక్కడే. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, తెల్లవారి కింది డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేయండి. లోపల నీళ్లుంటే ఆయిలు కంటే ముందు అవే కారతాయి. అలా కారితే ఆయిలుతో పాటు సీలు కూడా మార్పించండి. సీలుకు వెనకాడితే రేపు బేరింగులు, గేర్లు పోతాయి. అప్పుడు ఇరుసు మొత్తం విప్పాల్సిందే.

నాలుగు చక్రాలూ లాగాలంటే

మెత్తటి మడిలో ఫోర్ వీల్ లివరు వేసి నెమ్మదిగా నడపండి. ముందు చక్రాలు కూడా పట్టు పడుతున్నాయేమో దూరంగా నిలబడి చూడమని ఒకరికి చెప్పండి. ముందు, వెనక టైర్ల సైజులు ఒకదానికొకటి లెక్క కట్టి కంపెనీ బిగిస్తుంది. పాతాయన దొరికిన సైజు వేసి ఉంటే ఆ లెక్క తప్పి, గేర్ల మీద భారం పడుతుంది. టైరు మీది అంకెలు పుస్తకంతో సరిచూడండి. మార్చాల్సి వస్తే జతగానే మార్చండి. తారు రోడ్డెక్కగానే లివరు తీసేయండి. గట్టి నేల మీద అలాగే నడిపితే టైర్లు ఊరికే అరిగిపోతాయి.

రోడ్డు మీద రెండు బ్రేకు పెడళ్లనూ కొక్కెంతో కలిపే ఉంచాలి. ఒక పక్కే బ్రేకు పడితే బండి బోల్తా కొడుతుంది. ప్రాణానికే ముప్పు.

రోజూ అరగంట

ఎయిర్ క్లీనరు ఆయిలు రకమైతే, ఆయిలు బురదలా మారగానే పారబోసి కొత్తది పోయండి. కాగితం ఫిల్టరైతే కిరోసినుతో కడగొద్దు. గాలితో లోపలి నుంచి బయటికి ఊదాలి. రేడియేటరు జాలీలో చిక్కిన గడ్డి, దుమ్ము తీసేయండి. ఉప్పు బోరు నీళ్లు పోస్తే లోపల గార కడుతుంది, కూలెంటు కలిపిన మంచినీరే పోయాలి. వేడి మీద మూత తీయొద్దు.

డీజిలు సాయంత్రమే నింపుకోండి. ఖాళీ ట్యాంకులో రాత్రి చెమ్మ చేరుతుంది. దమ్ము ముగిసిన సాయంత్రం బండి కడిగి, గ్రీజు నిప్పిళ్లన్నిటికీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. లోపలి బురద దాంతోనే బయటపడుతుంది. "రేపు చూద్దాంలే" అంటే ఆ రాత్రే తుప్పు మొదలవుతుంది.

ఈ పనులు నేర్చుకోవాలనుకునే రైతులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్ల నిర్వహణపై శిక్షణ ఇస్తోంది.

ఇద్దరు ముగ్గురు కలిసి కొన్న బండైతే నోటుబుక్కు సీటు కిందే ఉంచండి. ఎవరు నడిపితే వాళ్లే రాయాలి. గ్రీజు ఎవరు కొట్టాలనే తగాదా ఉండదు. రేపు బండి అమ్మాల్సి వచ్చినా, మీ మాటకు రాత తోడుంటుంది.