చీటీని నమ్మితే చాలదు

సమాచారాన్ని ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు పంపేటప్పుడు ఏది పేరో, ఏది ఫోను నంబరో తెలిసేలా గుర్తులుంచడం అవసరం. ఇందుకై వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 1998లో ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతిని ప్రమాణంగా ప్రకటించింది. ఇందులో ప్రతి అంశానికీ ముందొక గుర్తు, వెనుకొక గుర్తు ఉంటాయి. వాటి మధ్యనున్న విషయాన్ని ప్రోగ్రాముకు అనువైన రూపంలోకి విడదీయడాన్నే పార్సింగ్ అంటారు.

మైక్రోసాఫ్ట్ 2012లో వెలువరించిన టైప్‌స్క్రిప్ట్ భాషలో ఈ పనికి ఫాస్ట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ పార్సర్ వంటి తేలికైన లైబ్రరీలు కలవు. నాలుగు వరుసల ప్రోగ్రాముతో పని ముగుస్తుంది. అయితే ఏ అంశం ఏ రకానికి చెందినదో ఈ లైబ్రరీకి ముందుగా తెలియదు. కనిపించినదానిని బట్టి ఊహిస్తుంది.

మెల్‌బోర్న్‌కు పడమరనున్న టార్నీట్‌లో ఒక తెలుగు సంఘం తన సభ్యుల పట్టికను ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో భద్రపరచిందనుకొందాం. టార్నీట్ పోస్టుకోడు 3029. లైబ్రరీ దానిని సంఖ్యగా భావించినా హాని లేదు. కాని ఒక కుటుంబం డార్విన్‌కు తరలితే అచ్చటి 0800 కాస్తా 800గా మారిపోతుంది. 04తో మొదలయ్యే మొబైలు నంబర్లకు మొదటి సున్న ఎగిరిపోతుంది. ఆపదవేళ ఆ పట్టిక చూసి ఫోను చేసేవారికి అది అక్కరకు రాదు.

పిల్లల పేర్ల విషయంలో మరొక చిక్కు ఉన్నది. ఇద్దరు పిల్లలుంటే లైబ్రరీ జాబితానిస్తుంది. ఒక్కరే ఉంటే ఆ పేరును మాత్రమే ఇస్తుంది. జాబితా పొడవును బట్టి బహుమతులు లెక్కించే ప్రోగ్రాము ‘సీత’ అనే పేరు పొడవును కొలుస్తుంది. సకారం, గుడిదీర్ఘం, తకారం కలిసి మూడు! ఏకైక సంతానమున్న ఇంటికి మూడు బహుమతులు లెక్కకు వస్తాయి.

మరి రకాలను సరిచూసే టైప్‌స్క్రిప్ట్ దీనిని ఎందుకు పట్టుకోలేదు? ఆ పరీక్ష ప్రోగ్రామును జావాస్క్రిప్ట్‌గా మార్చే వేళ జరుగుతుంది; ఆపై రకాల ప్రకటనలు చెరిగిపోతాయి. పైగా లైబ్రరీ తన ఫలితాన్ని ‘ఎనీ’ రకంగా, అనగా ‘ఏదైనా కావచ్చు’నని ఇస్తుంది. దానికి ప్రోగ్రామరు ఏ రకాన్ని ఆపాదించినా టైప్‌స్క్రిప్ట్ అభ్యంతరం చెప్పదు. ప్రయోగశాలలో సీసాపై అతికించిన చీటీ లోపలి ద్రవాన్ని మార్చజాలదు; ఇదీ అటువంటిదే.

నివారణ కష్టం కాదు. ‘పార్స్‌ట్యాగ్‌వాల్యూ’ అనే ఎంపికను నిలిపివేస్తే అంశాల విలువలు వ్రాసినట్లే అక్షరరూపంలో నిలుస్తాయి. ‘ఈజ్‌అర్రే’ ద్వారా పిల్లల అంశం ఎల్లప్పుడూ జాబితాయేనని తెలుపవచ్చును. సంతానం లేని ఇంట ఆ అంశమే ఉండకపోవచ్చు గనుక, వచ్చిన ప్రతి వివరాన్నీ వాడుకకు ముందు పరీక్షించాలి. సంఖ్యలా కనిపించేదల్లా సంఖ్య కాదు. కూడికకు, తీసివేతకు పనికిరాని పోస్టుకోడును, ఫోను నంబరును అక్షరాలుగానే ఉంచడం శ్రేయస్కరం.