గంజి తొట్టి ఆస్పత్రి, పాత జైలు రోడ్డు: రాయపురం విశేషాలు

కాలం కలిసిరాకపోతే మనిషి దొంగవుతాడా? అడిగి చూడండి, అవునని తలూపేవాళ్లే ఎక్కువ. అందులోనూ ఉత్తర చెన్నై మాటెత్తితే ఇక సందేహమే ఉండదు. సినిమాల పుణ్యమా అని రాయపురం, కాసిమేడు అనగానే కత్తి, పగ, జైలు కళ్లముందు తిరుగుతాయి. 2018లో వెట్రిమారన్ తీసిన ‘వడ చెన్నై’ చూసినవాళ్లకు మరీను. ఆ చుట్టుపక్కల రెండు శతాబ్దాల పైచిలుకు చరిత్రలోంచి, కొంత బయటి లోకంలోంచి ఏరిన సంగతులివి. చదివాక అవుననడం కొంచెం కష్టమవుతుంది. కాదనడం ఇంకా కష్టం.

ఒకే చిరునామా

స్టాన్లీ వైద్య కళాశాల చిరునామా నంబర్ 1, పాత జైలు రోడ్డు. ఆ ఆస్పత్రికి జనం పెట్టుకున్న పేరు కంజి తొట్టి ఆస్పత్రి. 1780లో హైదరాలీ కర్ణాటకం మీద పడ్డాక పంటలు పోయి, పల్లెలు ఖాళీ అయి, జనం చెన్నపట్నానికి వలస వచ్చారు. వాళ్లకు గంజి పోయడానికి 1782లో వెలసింది మణేగార్ సత్రం. తిండి పెట్టిన చోటే మందూ ఇవ్వక తప్పలేదు. సత్రం పక్కన వైద్యశాల, తర్వాత వైద్య పాఠశాల వచ్చాయి, 1938కి అది కాలేజీ అయింది. గవర్నర్ స్టాన్లీ పేరు చివర్లో తగిలించిందే.

రోడ్డుకు పేరిచ్చిన జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో భారతి మహిళా కళాశాల ఉంది. అది ఉన్న ప్రకాశం సాలై మన టంగుటూరి ప్రకాశం పంతులు పేరిట ఉన్నదే. ఆకలికి గంజి, నేరానికి జైలు అంటూ ఊరు పక్కపక్కనే ఏర్పాట్లు చేసుకుంది. రెండింట్లో ఏది ఎక్కువమందికి పనికొచ్చిందంటే నేను గంజి వైపే.

రైలొచ్చింది, ఉప్పు పోయింది

1856 జులై 1న దక్షిణ భారతంలో మొదటి రైలు రాయపురం స్టేషన్ నుంచి వాలాజా రోడ్డు దాకా, సుమారు 100 కిలోమీటర్లు నడిచింది. గవర్నర్ లార్డ్ హ్యారిస్ దర్జాగా ప్రయాణించాడు. ఆ స్టేషన్ భవనం ఇంకా నిలిచే ఉంది. దేశంలో మిగిలిన స్టేషన్ భవనాల్లో అదే పాతది. మద్రాసుకు పోలీసు కమిషనర్ అనే పదవి వచ్చిందీ ఆ 1856లోనే. కాకతాళీయమే కానీ, తర్వాతి కథ చదివితే అలా అనిపించదు.

అప్పటిదాకా సముద్రపు ఒడ్డున పండిన ఉప్పు లోతట్టు ఊళ్లకు ఎలా చేరేది? ఎద్దుల మీద, గాడిదల మీద. మోసేవాళ్లలో ముఖ్యులు ఎరుకలవాళ్లు. తమిళ, కన్నడ సీమల్లో వాళ్లనే కొరవలనీ కొరచలనీ పిలిచేవారు. ఉప్పు తీసుకెళ్లి, తిరుగుదారిలో ధాన్యం తెచ్చి, దారిపొడుగునా సంతల్లో అమ్ముకునేవారు. ఆ బేరం మీద పల్లెలకీ ఆధారం ఉండేది, వాళ్లకీ బతుకు ఉండేది. పట్టాలు పడ్డాక బస్తాలు రైలెక్కాయి. 1880లకొచ్చేసరికి సర్కారు ఉప్పు విధానం మిగిలిన బేరాన్నీ తుడిచిపెట్టింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ఈ వర్గం మీద రాసిన పుస్తకంలో ఈ సంగతంతా రికార్డులు తిరగేసి చూపించారు.

బేరం పోయినా తిరగడం ఆగలేదు, ఎందుకంటే స్థిరంగా ఉండడానికి వాళ్లకు సెంటు భూమి లేదు. సరుకు లేకుండా ఊరూరూ తిరిగేవాళ్లంటే సర్కారుకు అనుమానం. ఉత్తరాదిన 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికి దిగింది. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర, వేలిముద్రలు, రోజూ హాజరు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఆ దశాబ్దంలో వెలసిన సెటిల్‌మెంటే. గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. అక్కడివాళ్లను చీరాల పొగాకు కంపెనీలో కూలికి తోలారు. కట్టు దాటితే శిక్ష కాబట్టి పొగాకు కంపెనీకి ఎదురుచెప్పని కూలీలు దొరికారు. సంస్కరణ అన్న మాట వెనక లెక్క అదీ.

చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు వేరే పేరుతో మళ్లీ వచ్చాయి. 1970లలో సంఘ సంస్కర్తలు హేమలత, లవణం దంపతులు స్టువర్టుపురం కుటుంబాలతో కలిసి ఏళ్లకేళ్లు పనిచేశారు. మన సినిమాకు మాత్రం స్టువర్టుపురమంటే నేటికీ దొంగల ఊరే. 1991లో చిరంజీవి పోలీసు డ్రెస్సు వేసుకున్నాడు, 2023లో రవితేజ ఆ ఊరి గజదొంగ నాగేశ్వరరావయ్యాడు. ఉప్పు బస్తాల మీద ఎవరూ సినిమా తీయలేదు.

జైలు తిండే నయం

1876–78 ధాత కరువులో మద్రాసు బీచిలో ధాన్యం బస్తాలు కొండల్లా పేరుకున్నాయి. ఓడలు తెచ్చిపడేసినంత వేగంగా రైళ్లు మోయలేకపోయాయి. ఆ బస్తాలకు కాపలా పెట్టాల్సి వచ్చింది. ఆ కరువులోనే ఖర్చు తగ్గించడానికి కలకత్తా నుంచి వచ్చిన సర్కారు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్, కరువు పనులు చేసే మగవాడి రోజు తిండిని ఒక పౌను ధాన్యానికి, అంటే సుమారు 450 గ్రాములకు కుదించాడు. పైన కాస్త చిల్లర. రాళ్లు కొట్టే మనిషికి ఇది. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఊరుకోలేదు. జైల్లో ఖైదీకి ఇంతకన్నా ఎక్కువ పెడుతున్నాం కదా అని లెక్కలేసి మరీ వాదించాడు. కొన్ని నెలల తర్వాత గానీ కొలత పెరగలేదు.

మరి నేరాలు? పెరిగాయి. మద్రాసు రాష్ట్రపు పోలీసు రికార్డులు చూసిన చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్, ధరలు మండిన ఏళ్లలో దోపిడీలు కూడా ఎగిసిపడ్డాయని చూపించాడు. ఇక్కడ ‘అవును’ అన్నవాళ్లకు ఒక మార్కు.

దోపిడీయా, బేరమా?

1918 సెప్టెంబరులో మద్రాసులో జనం బియ్యం కొట్ల మీద, గుడ్డల కొట్ల మీద పడ్డారు. యుద్ధం వల్ల ధరలు ఆకాశానికంటాయి, వానలు మొండికేశాయి. ఆ గుంపుల్లో మిల్లు కూలీలూ ఉన్నారు. బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల కార్మికులతో మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. చిత్రమేమిటంటే ఆ ఏడు రాష్ట్రంలో చాలాచోట్ల గుంపు మొదటి కోరిక సరుకు ఊరికే ఇవ్వమని కాదు, పాత ధరకు అమ్మమని. వర్తకుడు తలుపేసుకుంటేనే లూటీ. పోలీసు రికార్డులో మాత్రం అన్నీ ఒకే గళ్లో పడ్డాయి.

రై ధర, బీరు ధర

ఇదే ప్రశ్నను అంకెల్లో పెట్టిన తొలి పెద్దమనుషుల్లో జర్మనీ గణాంకవేత్త గియోర్గ్ ఫాన్ మేయర్ ఒకడు. బవేరియాలో రై ధాన్యం ధర పెరిగితే దొంగతనాలూ పెరుగుతాయని 1867లోనే చూపాడు. 2006లో ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ లెక్కల్ని మళ్లీ తవ్వితే సగం కథే బయటపడిందని తేలింది. ధర పెరిగిన ఏళ్లలో దొంగతనాలు పెరిగిన మాట నిజమే, కానీ కొట్లాటలు తగ్గాయి. ఎందుకు? పంట దెబ్బతింటే బీరు కూడా ప్రియమైంది, తాగి కొట్టుకునేవాళ్లు తగ్గారు. పేదరికం ఒక చేత్తో దొంగతనం పెంచి, రెండో చేత్తో తన్నులాట తగ్గించిందన్నమాట. ‘నేరాలు పెరిగాయా?’ అని ఒక్క మాటలో అడగడమే తప్పు ప్రశ్నని నాకు తోచింది ఈ బీరు దగ్గరే.

అమెరికా మాట

1930ల మహామాంద్యంలో అక్కడ హత్యలు 1933 దాకా పెరిగి, ఆపైన తగ్గుముఖం పట్టాయి. నిరుద్యోగం మాత్రం ఇంకా భయంకరంగానే ఉంది. 1960లలో దేశం డబ్బులో తేలుతుంటే నేరాలు దూసుకెళ్లాయి. 2009 అక్టోబరులో నిరుద్యోగం 10 శాతానికి చేరింది, ఆ ఏడు నేరాలు తగ్గాయి. దీని మీద పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. మనం ముందుకు పోదాం.

ఇంటి నుంచి కదిలితే నేరం

2020 ఏప్రిల్–జూన్‌లో మన దేశ ఆర్థిక వ్యవస్థ దాదాపు 24 శాతం కుంగింది. అంత దెబ్బ మన తరం చూడలేదు. జాతీయ నేర రికార్డుల సంస్థ పుస్తకంలో ఆ ఏడు కేసులు 28 శాతం పెరిగాయి. చూశారా, జేబు ఖాళీ అయితే నేరం పెరిగింది అనుకుంటాం. విప్పి చూస్తే ఆ పెరుగుదలలో పెద్ద వాటా శిక్షాస్మృతి 188 సెక్షన్‌ది, అంటే సర్కారు ఉత్తర్వును ధిక్కరించడం. లాక్‌డౌన్‌లో రోడ్డెక్కినవాళ్లంతా ఆ లెక్కలోకొచ్చారు. దొంగతనాలు మాత్రం బాగా తగ్గాయి. ఇళ్లలో అందరూ ఉంటే ఏ ఇంటికి కన్నం వేస్తారు? వీధిలో మెడలో గొలుసుతో నడిచే మనిషే లేకపోతే లాగేదెవరిది?

గొలుసు మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. అంతకు ముందు రెండు మూడేళ్లలో చెన్నై పోలీసులు ‘మూడో కన్ను’ పేరుతో వీధివీధినా లక్షకు పైగా కెమెరాలు పెట్టించారు. గొలుసు దొంగతనాలు తగ్గాయని వాళ్లే చెప్పారు. ఆ మూడేళ్లలో ఎవరి జీతమూ పెరగక్కర్లేకపోయింది.

బర్మా బజార్

రాయపురానికి దక్షిణంగా, బీచ్ స్టేషన్ ఎదురుగా 1969లో వెలిసింది బర్మా బజార్. రంగూన్‌లో ఆస్తులన్నీ వదిలి కట్టుబట్టలతో ఓడ దిగినవాళ్లకు సర్కారు చూపించిన దారి ఆ చిన్న కొట్లు. వాటిలో దొరికేది ఫారిన్ సరుకు. వాచీలు, టేప్‌రికార్డర్లు, సెంట్లు. నెల్లూరు, గూడూరు వైపు నుంచి పెళ్లికొడుక్కి వాచీ కొనడానికి మద్రాసు బండెక్కినవాళ్లకు ఆ సందులు బాగా తెలుసు. అందులో చాలా సరుకు కస్టమ్స్ కన్నుగప్పి వచ్చిందేనని అందరికీ తెలుసు, కొన్నవాళ్లకీ తెలుసు. 1991 తర్వాత దిగుమతుల తలుపులు తెరుచుకున్నాక, అదే వాచీ అదే కొట్లో అమ్మితే నేరం కాకుండా పోయింది. అమ్మేవాడు మారలేదు, అతని బీదరికమూ పెద్దగా మారలేదు.

వీధిలో కనిపించని లెక్క

కరువుకు, నేరానికి సంబంధం చూడాలంటే వీధిని వదిలి ఇంట్లోకి చూడాలని శీతల్ సేఖ్రి, ఆడమ్ స్టోరీగార్డ్ 2014లో చేసిన పరిశోధన చెబుతుంది. వాన మామూలుకన్నా ఒక మోస్తరు తగ్గిన ఏడాది మన దేశంలో వరకట్న చావులు 7.8 శాతం పెరుగుతున్నాయి. పంట పోతే డబ్బు అడిగేది ఎవరిని? కోడలి పుట్టింటిని. అంతకు ముందే, 2000లో జ్యాఁ ద్రెజ్, రీతికా ఖేరా జిల్లాల వారీగా హత్యల లెక్కలు తీశారు. పేదరికంతో గానీ, పట్టణాలు పెరగడంతో గానీ హత్యలకు చెప్పుకోదగ్గ లంకె దొరకలేదు. లంకె దొరికింది ఒక వింత చోట. ఆడవాళ్ల నిష్పత్తి తక్కువగా ఉన్న జిల్లాల్లో హత్యలు ఎక్కువ. చదువు ఉన్నచోట తక్కువ. రౌడీ సినిమాలు తీసేవాళ్లకు ఈ కథాంశం ఎవరైనా చెప్పాలి.

61 రోజులు

కాసిమేడు రేవులో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని నిషేధం. 2017కు ముందు 45 రోజులుండేది, ఇప్పుడు 61. తూర్పు తీరమంతా ఇదే నియమం కాబట్టి నెల్లూరు తీరంలోనూ వలలు ఒడ్డెక్కుతాయి. ఐసు మోసేవాడు, వల అల్లేవాడు, చేపలు అమ్మే ఆడవాళ్లు అందరికీ ఒకేసారి చేతులు ఖాళీ. ముందే తెలిసిన ఆర్థిక మాంద్యం ఇది, తేదీలతో సహా. ఆ రెండు నెలల్లో కుటుంబాలు మొదట వెతికేది అప్పు. సర్కారిచ్చే భృతి బియ్యానికి సరిపోతే గొప్ప.

అప్పు దగ్గర నేరం ఉంది, కాకపోతే అవతలి పక్కన. తమిళనాడు 2003లో కందువడ్డీ (మితిమీరిన వడ్డీ) నిషేధ చట్టం చేసింది. 2015లో విజయవాడ కాల్ మనీ గొడవ మనకు తెలిసిందే. తీసుకున్నవాళ్లు బాధితులు, ఇచ్చినవాళ్లు నిందితులు. ఇంకా ఘోరం 2007 జనవరిలో బయటపడింది. 2004 సునామీలో గూడు పోయినవాళ్లను తెచ్చి పెట్టిన ఎర్ణావూరు పునరావాస కాలనీలో ఆడవాళ్లు మూత్రపిండాలు అమ్ముకున్నారు. రాయపురానికి ఉత్తరాన, అదే తీరం. అవయవాల అమ్మకాన్ని నేరంగా చేసిన చట్టం 1994లోనే ఉంది. దళారులు చెప్పిన ధర ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి. నగరంలోని విల్లివాక్కానికి అంతకు ముందే ‘కిడ్నీవాక్కం’ అని ఎగతాళి పేరుండేది. చట్టం ప్రకారం అమ్మినవాళ్లూ తప్పు చేసినట్టే. కోటి విద్యలూ కూటి కొరకే అన్న సామెతలో ఈ విద్య లెక్కలోకి వస్తుందని సామెత పుట్టించినవాళ్లు అనుకుని ఉండరు.

ఉచిత బియ్యం రైలెక్కింది

తమిళనాడులో 2011 జూన్ నుంచి రేషన్ బియ్యం ఉచితం. ఆకలి నేరానికి మూలమైతే ఇక్కడ ఆ మూలమే తెగిపోవాలి. తెగకపోగా కొత్త నేరం మొలిచింది. రాయపురం పక్కనున్న కొరుక్కుపేట స్టేషన్ నుంచి సూళ్లూరుపేట, నెల్లూరు వైపు వెళ్లే లోకల్ రైళ్లలో రేషన్ బియ్యం మూటలు సరిహద్దు దాటుతుంటాయి. రైల్వే పోలీసులు సీట్ల కింద మూటలు లాగి ఫొటోలు తీయించడం పత్రికల్లో తరచూ కనిపించే వార్త. అవతల మరలో పాలిష్ పడితే అదే బియ్యం సన్నబియ్యంలా బస్తాకెక్కుతుంది. ఇందులో పోలీసులకు దొరికేది ఎక్కువగా మూట మోసే ఆడవాళ్లు. కిలోకు ఒకటో రెండో రూపాయలు మిగిలితే ఆ పూటకు కూలి గిట్టినట్టు. నిత్యావసర సరుకుల చట్టం 1955 కింద కేసు నమోదవుతుంది, మూట స్వాధీనమవుతుంది. మర ఎవరిదన్నది మాత్రం ఆ వార్తల్లో వెతికి చూడండి, కనిపిస్తే చెప్పండి.