బీడీ పొగ – ఊపిరితిత్తుల అర్బుదం – కిరణ చికిత్సలో పథ్యం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో స్త్రీలు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టడం తరతరాల జీవనోపాధి. ఆ బీడీని కాల్చే వారి ఊపిరితిత్తులలో ఏమి జరుగుతుందో పాఠకులు తెలుసుకొనవలెను.

కణం లోపలి డి.ఎన్.ఎ. రెండు పోగుల పురి వంటిది. పొగలోని బెంజోపైరీన్ వంటి విషాలు ఆ పోగుకు అంటుకొని దానిని చెడగొడతాయి. మరమగ్గంపై తెగిన పోగును నేతగాడు అతికినట్లు, కణంలోని మరమ్మతు పదార్థాలు దానిని సరిచేస్తాయి. ఈ మరమ్మతు రహస్యాన్ని ఛేదించిన లిండాల్, మోడ్రిచ్, సాన్కార్ అనే ముగ్గురికి 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఏళ్ల తరబడి పొగ తగిలితే అతుకు తప్పుతుంది. కణం అదుపు తప్పి అర్బుదమవుతుంది.

కిరణ చికిత్స ఎలా పనిచేస్తుంది?

అర్బుదానికి శస్త్రం, క్షారం, అగ్ని అనే ఉపాయాలను సుశ్రుతుడు ఏనాడో చెప్పాడు. నేటి కిరణాలు డి.ఎన్.ఎ. రెండు పోగులనూ ఒకేసారి తెంచుతాయి. ఆరోగ్యవంతమైన కణం చాలావరకు అతుక్కుంటుంది. అతుకు సరిగా పడని క్యాన్సర్ కణం విభజన సమయంలో మరణిస్తుంది. 'చిన్న కణాల' రకం కిరణాలకు త్వరగా లొంగుతుంది. తక్కిన రకాలలో కొన్ని మరమ్మతు బలంతో తట్టుకుంటాయి. సిస్‌ప్లాటిన్ వంటి మందును తోడుగా ఇచ్చుటకు ఒక కారణం ఆ మరమ్మతును అడ్డుకొనుట.

సాధారణంగా రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి 5 రోజులు, 6 వారాలలో సుమారు 60 గ్రేలు ఇస్తారు. ఒక మోతాదుకూ మరొక మోతాదుకూ నడుమ మంచి కణాలు కోలుకుంటాయి. కాని రోగి మధ్యలో మానితే ఆ విరామంలో క్యాన్సర్ కణాలు మళ్లీ వృద్ధి చెందుతాయి. హైదరాబాదు మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రి జగిత్యాలకు దాదాపు 200 కిలోమీటర్ల దూరం. ఛార్జీలకు జడిసో, ఆకుమందు చాలునన్న మాట నమ్మియో చికిత్స వదలడం ప్రాణాంతకం. మూలికలు కిరణ చికిత్సకు ప్రత్యామ్నాయం కావు.

పాటించవలసిన పథ్యం

1. బీడీని పూర్తిగా మానవలెను. కిరణాల శక్తికి ప్రాణవాయువు తోడు కావలెను. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో దానిని తగ్గిస్తుంది.

2. చికిత్స వలన మ్రింగుట కష్టమైతే పలుచని రాగి జావ, మెత్తని అన్నం, చల్లారిన పెసరకట్టు వాడవలెను. కారం, పులుపు, మసాలా తగవు.

3. కిరణాలు తగిలే చర్మంపై తైలం, లేపనం, పసుపు వైద్యుని అడుగక పూయరాదు.

4. ఉసిరిని ఆహారంగా తినవచ్చును. కాని భస్మాలు, రసాయన లేహ్యాలు, అధిక మోతాదు విటమిన్ బిళ్లలు క్యాన్సర్ వైద్యునికి చెప్పకుండా వాడరాదు. కణాలకు రక్షణగా వాడే కొన్ని పదార్థాలు క్యాన్సర్ కణానికీ రక్షణ కలిగించవచ్చు.

మూడు వారాలు మించిన దగ్గు, కఫంలో రక్తం, కారణం లేని కృశత్వం కనిపించిన బీడీ కాల్చేవారు కషాయాలతో కాలక్షేపం చేయక వెంటనే ఛాతీ ఎక్స్‌రే తీయించుకొనవలెను. క్షయ మందులతో దగ్గు తగ్గకపోయినా మళ్లీ పరీక్ష అవసరమే. తొందరగా గుర్తించిన వ్యాధికే వైద్యుని చేయి బలంగా ఉంటుంది.