సంచిలో సగం బరువు నీళ్లదే

గౌడవెల్లి, మేడ్చల్ చుట్టుపక్కల నేల పెద్దగా ఎగుడుదిగుళ్లు లేనిది. ఇక్కడ పొద్దున్నే పది కిలోమీటర్లు అలవోకగా నడిచేవాళ్లు కూడా నల్లమల ఎక్కితే మధ్యాహ్నానికి చతికిలబడతారు. దమ్ము చాల్లేదనుకుంటారు గానీ, చాలాసార్లు చాలనిది లెక్క.

వీపున సంచి వేసుకుని కొండల్లో రోజంతా నడవడమంటే మనవాళ్లు హిమాలయాలే అంటారు. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం, హాటకేశ్వరం మీదుగా శ్రీశైలం చేరే నల్లమల కాలిబాట అంతకంటే దగ్గర, చాలా పాతది కూడా. శివరాత్రికి మనవాళ్లు, ఉగాదికి కన్నడ భక్తులు ఈ దారి పడతారు. ఉత్తర కర్ణాటకలో ఇంటి దగ్గర బయల్దేరి రోజుల తరబడి నడిచొచ్చేవాళ్లకు ఇది చివరి మజిలీ. వేలు పోసి బూట్లు కొన్నవాళ్లను చెప్పుల్లేని కాళ్లతో దాటిపోయే పెద్దలు వీళ్లలో కనిపిస్తారు. అలవాటైన అరికాలి ముందు ఏ బూటూ నిలవదు. మనకు ఆ అలవాటు లేదు కాబట్టి బూట్లే దిక్కు.

ముందు సమయం లెక్క చూద్దాం. స్కాట్లాండ్‌కు చెందిన విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఇంకో గంట. ఉదాహరణకు 20 కిలోమీటర్ల దూరం, మొత్తం 600 మీటర్ల ఎక్కుడు ఉంటే ఐదు గంటలు. అయితే అది గట్టి మనిషి ఆగకుండా నడిస్తే. సంచి బరువు, మార్చి ఎండ, తిండికి ఆగడం కలిపితే ఏడెనిమిది గంటలు ఎటూ పోవు. అందుకే తెల్లవారగానే కదలాలి. మార్చి నాటికి ఆకు రాలిపోయి, అడవిలో ఉన్నా నెత్తిన నీడ ఉండదు.

ఇక నీళ్లు. ఎండలో ఎక్కుతుంటే గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా కావాలి. ఎనిమిది గంటలకు తక్కువలో తక్కువ 4 లీటర్లు, అంటే 4 కిలోలు. పక్కబట్ట, తిండి, టార్చి కలిపినా మరో నాలుగైదు కిలోలే. ఈ బాటలో మజిలీలు చెరువు దగ్గర, కొలను దగ్గర పడడానికి కారణం ఇదే: నీళ్లున్న చోటు నుంచి నీళ్లున్న చోటి వరకే మోత. పండగ రోజుల్లో దారిలో నీళ్లు, అన్నదానం దొరుకుతాయి. అయినా రెండు సీసాలు వెంట ఉండాల్సిందే. చెమటతో ఉప్పు కూడా పోతుంది, దాన్ని వట్టి నీళ్లు పూడ్చలేవు. ఉప్పేసిన మజ్జిగో, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టో మధ్యమధ్య పడాలి.

అసలు పరీక్ష భీముని కొలను దగ్గర. లోయలోకి రాతిమెట్లు దిగి, మళ్లీ అటు కైలాసద్వారానికి ఎక్కాలి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కాసేపు నిలబడితే పోతుంది. దిగేటప్పుడు ఆయాసం ఉండదు గనుక జనం పరుగుపెడతారు. అప్పుడే తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపుతుంటాయి. వాటి నారలు దెబ్బతినేది ఆ పనిలోనే. నొప్పి ఆ రోజు తెలియదు, మర్నాడో ఎల్లుండో బయటపడుతుంది. చేతికర్ర ఊతంగా, చిన్న అడుగులతో దిగితే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది.

ఇదంతా పులుల అభయారణ్యం. పండగ రోజుల్లో తప్ప అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, చీకటి పడ్డాక నడవకూడదు.

సాధనకు కొండే అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ ఐదంతస్తులు ఎక్కితే సుమారు 15 మీటర్లు. సంచిలో నీళ్ల సీసాలు పెట్టుకుని ఇరవై సార్లు ఎక్కితే 300 మీటర్లు. కాకపోతే కిందికి కూడా మెట్ల మీదే రావాలి. లిఫ్టులో దిగితే భీముని కొలను దగ్గర పనికొచ్చే కండరాలకు ఆ రోజు పనే పడదు.