‘గృహిణి’ అనే మాట వెనుక – ఆర్థిక పరిశోధన అంటే ఏమిటి?

పరిశోధన అనగానే మనలో చాలామందికి తెల్లకోటు, గాజు పరికరాలు, ప్రయోగశాల గుర్తుకొస్తాయి. ఆర్థికశాస్త్రంలోనూ, వాణిజ్యంలోనూ, మేనేజ్‌మెంట్‌లోనూ పరిశోధన ఉంటుందంటే “అందులో కనిపెట్టడానికి ఏముంటుంది?” అని అడుగుతారు. మన హాస్టల్లో ఇంటర్, డిగ్రీ చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కొందరు నన్ను ఇదే అడిగారు. అందుకే వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఈ విషయాన్నే ఎంచుకున్నాను.

ముందుగా ఒక మాట. మన హాస్టల్ గోడ మీద కోటు వేసుకుని, చేత పుస్తకం పట్టుకుని కనిపించే బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను మనం రాజ్యాంగ నిర్మాతగానే తలచుకుంటాం. ఆయన మొదట ఆర్థికశాస్త్ర పరిశోధకుడు. 1915లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి ఎం.ఏ. పట్టా పొందారు. 1918లో మన దేశంలోని చిన్న కమతాల సమస్యపై వ్యాసం రాశారు. భూమి విస్తీర్ణం ఒక్కటే చూస్తే చాలదని, దానిమీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు, శ్రమ కూడా చూడాలని, పొలాల మీద ఆధారపడి పనిలేకుండా మిగిలిపోతున్న జనానికి పరిశ్రమల్లో పని చూపించాలని అందులో వాదించారు. 1923లో ‘రూపాయి సమస్య’ మీద రాసిన సిద్ధాంత గ్రంథానికి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి డి.ఎస్సీ. పట్టా అందుకున్నారు. కాబట్టి ఈ చదువు మనకు పరాయిది కాదు.

మరి ఆర్థిక పరిశోధకుడు చేసే పని ఏమిటి? అందరికీ తెలుసనుకున్న విషయాన్ని మళ్ళీ ప్రశ్నించడం, లెక్క కట్టడం, ఆ లెక్కను ఇంకొకరు సరిచూసుకునేలా రాయడం. ఇది బాగా అర్థం కావాలంటే దూరం పోనక్కరలేదు. మన నరసాపురం లేసు కథ చాలు.

పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు మన డెల్టాలోని పేద క్రైస్తవ స్త్రీలకు కొక్కెపు సూదితో లేసు అల్లడం నేర్పారు. ఆ పని నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి కాసాగింది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ ప్రాంతానికి వచ్చారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ చేపట్టిన ఉపాధి పరిశోధన కార్యక్రమంలో భాగంగా ఆమె లేసు అల్లే స్త్రీల జీవితాన్ని అధ్యయనం చేశారు. 1982లో అది ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకంగా వచ్చింది. మన పశ్చిమగోదావరి పల్లె ఆడవాళ్ళ కథను నేటికీ ప్రపంచంలోని ఎన్నో విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారు.

ఆమె మొదటి ప్రశ్న చాలా చిన్నది: “ఈ పని చేసేవాళ్ళు ఎంతమంది?” వ్యాపారులను అడిగితే లక్షకు పైనే అన్నారు. ప్రభుత్వ లెక్కల్లో మాత్రం ఆ స్త్రీలు కార్మికులుగా కనిపించలేదు. కారణం లెక్క కట్టే పద్ధతిలో ఉంది. 1971 జనాభా లెక్కల్లో మనిషి ప్రధానంగా చేసే పని ఏదని అడిగారు. ఇంటిపనే ప్రధానమని చెప్పిన స్త్రీని కార్మికురాలిగా లెక్కించలేదు. వంట చేసి, పిల్లల్ని చూసుకుని, మిగతా పొద్దంతా లేసు అల్లే ఆవిడ కాగితం మీద ‘గృహిణి’ అయిపోయింది.

రెండో ప్రశ్న: “వాళ్ళకు ఎంత వస్తోంది?” ఇక్కడే పరిశోధకుడి ఓపిక తెలుస్తుంది. లేసు పనికి రోజు కూలి ఉండదు. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లిన సరుకు తీసుకుని దాని లెక్కన డబ్బు ఇస్తాడు. ఒకరు పువ్వులు అల్లుతారు, మరొకరు వాటిని కలిపే అతుకుపని చేస్తారు. కాబట్టి చేతికొచ్చిన డబ్బును పనిచేసిన గంటలతో భాగించి చూడాలి. ఉదాహరణకు ఒక ముక్కకు ఇరవై రూపాయలు ఇస్తారనుకుందాం. అది పూర్తికావడానికి రోజుకు నాలుగు గంటల చొప్పున రెండు రోజులు పడితే, గంటకు వచ్చేది రెండున్నర రూపాయలే. ‘ముక్కకు ఇరవై’ అన్నప్పుడు కనిపించని సంగతి ‘గంటకు రెండున్నర’ అన్నప్పుడు కనిపిస్తుంది. మీస్ లెక్క కడితే, రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా సగటున రూపాయి కూడా రావడం లేదని తేలింది. అది ఆ రోజుల్లో వ్యవసాయ కూలి స్త్రీకి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం కన్నా ఎంతో తక్కువ.

మూడో ప్రశ్న: “ఇంత తక్కువ కూలికి ఎందుకు ఒప్పుకుంటున్నారు?” దీనికి జవాబు అంకెల్లో దొరకదు. అరుగుల మీద కూర్చుని మాట్లాడితేనే దొరుకుతుంది. అది ‘ఖాళీ సమయంలో చేసుకునే పని’ అని అందరూ అనేవారు, అల్లేవాళ్ళు కూడా అనేవారు. ఖాళీగా ఉన్నప్పుడు చేసేదానికి కూలి ఎంతైతేనేం అన్న భావం అందులో ఉంది. పైగా ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చేసే పని కనుక నలుగురూ కలిసి రేటు అడిగే వీలు లేదు. సరుకు ఏ దేశం పోతుందో, అక్కడ ఎంతకు అమ్ముతారో వాళ్ళకు తెలియదు. దారం పంచేవాడు, సరుకు కొనేవాడు, ఎగుమతి చేసేవాడు దాదాపు అందరూ మగవాళ్ళే.

ఇంకొక సంగతి మనం ప్రత్యేకంగా గమనించాలి. పొలం పనికి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని లేసు అల్లడం గౌరవమని కొన్ని కులాల స్త్రీలు భావించేవారు. ఊడ్పులకు, కోతలకు వెళ్ళే దళిత స్త్రీలను తమకన్నా తక్కువగా చూసేవారు. మీస్ చూసినదేమిటంటే, సంపాదనలో ఆ పొలం పనిచేసే దళిత స్త్రీలే మెరుగ్గా ఉన్నారు. పని దొరకని రోజుల్లో వాళ్ళలో కొందరు లేసు కూడా అల్లేవారు. ఎవరి పని గౌరవమైనది, ఎవరిది కాదు అనే మన ఊరి తక్కెడ ఎంత తప్పుగా తూస్తుందో ఆ పుస్తకం చూపించింది. మా అమ్మ మోకాలి లోతు బురదలో నాట్లు వేసి నన్ను చదివించింది. మా ఇంట్లో డిగ్రీ గడప ఎక్కింది నేనే మొదట. అందుకే ఆ భాగం చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

అలాగని ఏజెంటు దొంగ, ఎగుమతిదారు దోపిడీదారు అని ముందే తేల్చేసుకుని బయల్దేరితే అది పరిశోధన కాదు. దారం ధర, ఉతికి ఇస్త్రీ చేసే ఖర్చు, రవాణా, ఆర్డరు రద్దయితే వచ్చే నష్టం, యంత్రాలపై తయారయ్యే చౌక లేసుతో పోటీ – ఇవన్నీ కూడా రాయాలి. అన్నీ రాశాక కూడా ఒకచోట అన్యాయం కనిపిస్తే, ఆ మాటను ఎవరూ తేలిగ్గా కొట్టిపారేయలేరు. ఆవేశంతో చెప్పిన మాటకూ, లెక్కతో చెప్పిన మాటకూ ఉన్న తేడా అదే.

ఇలాంటి పరిశోధనల వల్ల ఏమైనా మారిందా? మెల్లగా మారింది. ఇంటి దగ్గర పనిచేసే కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ప్రత్యేక ఒప్పందం చేసింది. రోజులో ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో తెలుసుకోవడానికి 2019లో దేశమంతటా సమయ వినియోగ సర్వే జరిగింది. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అంటే ఆడవాళ్ళకు దాదాపు ఐదు గంటలు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దానివల్ల ఆ పేరు ఇతరులు వాడుకోకుండా రక్షణ వస్తుంది. అల్లే చేతికి కూలి పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి ఎవరో ఒకరు మళ్ళీ ఊరూరా తిరిగి లెక్క కట్టాలి.

ఆ ఎవరో ఒకరు మనలోంచి ఎందుకు రాకూడదు? ఆక్వా చెరువులు వచ్చాక వరిచేలల్లో కూలి దినాలు ఎన్ని తగ్గాయి? కౌలు రైతుకు ఖర్చులు పోను ఎకరాకు ఏం మిగులుతోంది? కోనసీమ నుంచి గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళిన అమ్మలు పంపే డబ్బు అప్పుల వడ్డీకి ఎంత పోతోంది, పిల్లల చదువుకు ఎంత మిగులుతోంది? బయటివాళ్ళు ఈ ప్రశ్నలు అడగాలంటే ముందు మన భాష, మన పేటలు తెలుసుకోవాలి. మనకు అవి పుట్టుకతోనే తెలుసు. మనం నేర్చుకోవలసింది పద్ధతి మాత్రమే.

దానికి దారి కూడా ఉంది. పి.జి.లో 50 శాతం మార్కులు వస్తే ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులు యు.జి.సి. నెట్ రాయవచ్చు. అందులో జె.ఆర్.ఎఫ్. సాధిస్తే నెలనెలా ఫెలోషిప్ వస్తుంది. ఇంటికి భారం కాకుండా పిహెచ్.డి. చేయవచ్చు. ఇంటర్ చదివే పిల్లలు ఇప్పటినుంచే లెక్కలంటే భయం పోగొట్టుకోండి. ఇంగ్లీషు పేపరు రోజుకు ఒక పేజీ చదవండి.

చివరిగా ఒక చిన్న పని చెబుతాను. ఈసారి సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక తెల్లకాగితం తీసుకోండి. అమ్మ పొద్దున లేచిన దగ్గరనుంచి పడుకునే దాకా ఏ పనికి ఎంతసేపు పట్టిందో, దేనికి డబ్బు వచ్చిందో, దేనికి రాలేదో రాయండి. వారం రోజులు రాస్తే చాలు. స్కాలర్‌షిప్ ఫారంలో ‘తల్లి వృత్తి’ అనే గడిలో పట్టనంత పని ఆ కాగితం మీద కనిపిస్తుంది. మీ మొదటి పరిశోధన అదే.