పుస్తకంలో దాగిన ఆటలు

పిల్లలూ, ఒకప్పుడు కంప్యూటరు మీద ఆట ఆడాలంటే, పుస్తకం చూసి ఆ ఆటను అక్షరం అక్షరం టైపు కొట్టవలసి వచ్చేది! 1973లో అమెరికాలో డేవిడ్ ఆల్ అనే ఆయన, బేసిక్ అనే కంప్యూటరు భాషలో ఉన్న 101 ఆటలను పుస్తకంగా కూర్చాడు. 1984లో ఆరంభమైన "క్లాస్" పథకం కింద మన దేశంలో కొన్ని బడులకు వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లలో కూడా బేసిక్ భాషే ఉండేది.

ఆ పుస్తకాలలో వరసలకు 10, 20, 30 అని నంబర్లుండేవి. పదేసి ఎందుకు? మధ్యలో కొత్త వరస చేర్చాలంటే 15 అని కొడితే చాలు, అది తన చోట చేరిపోతుంది! ఒక్క కామా తప్పినా ఆట ఆగిపోయేది. టేపు మీద దాచకముందే కరెంటు పోతే, గంటల శ్రమ మాయం! అయినా తప్పు ఎక్కడుందో వెతుకుతూనే ఎందరో పిల్లలు ప్రోగ్రాములు రాయటం నేర్చుకున్నారు.

వరస 10: "నీ పేరు రాయి." వరస 20: "మళ్ళీ 10కి పో." ఇప్పుడు కంప్యూటరు ఏం చేస్తుందో చెప్పండి, చూద్దాం!